మంత్రం రాని మంత్రగత్తెలు

హైటెక్ సిటీ వైపు ఎప్పుడైనా వెళ్ళిన పాఠకులు ఒక సంగతి గమనించే వుంటారు. ఆకాశాన్ని అంటుకునే అద్దాల మేడలు, లోపల ప్రపంచంలోని సమస్త దేశాల లెక్కలూ చూసే కంప్యూటర్లు, గుమ్మం పక్కన మాత్రం కళ్ళూ కోరలూ దిద్దిన బూడిదగుమ్మడికాయ! కార్ల ముందు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడుతూనే వుంటాయి. ఇది చూసి నవ్వే అర్హత నాకు లేదు. మా అపార్టుమెంటు తలుపుకీ వొకటి కట్టి వుంది. కట్టింది మా అత్తగారే అయినా, ఎండిపోతే మార్చేది నేనే.

మా కాలేజీ ఈ మేడల నడుమనే వుంది. పిల్లల్లో చాలామంది తలిదండ్రులు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. ఆ మధ్య ఒకరోజు పాఠం అయిపోయాక వొక అబ్బాయి లేచి, తన అక్కయ్య అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఇన్సూరెన్సు కంపెనీలో పని చేస్తున్నదనీ, అక్కడి శాసనసభ మూడువందల డెబ్బై ఏళ్ళ కిందట ఉరితీసిన మంత్రగత్తెలు నిర్దోషులని తీర్మానం చేసిందట అనీ చెప్పాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. "చచ్చిపోయి అన్ని వందల ఏళ్ళయ్యాక నిర్దోషులంటే వాళ్ళకేం లాభం మేడమ్?" అన్నాడు.

ప్రశ్న సబబైనదే. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. గంట కొట్టారని సాకు చెప్పి బయటపడ్డాను. ఎందుకు చెప్పలేకపోయానో ఈ వ్యాసంలో చెప్తాను. ముందు ఆ హార్ట్‌ఫర్డ్ కథ వినండి.

అమెరికా అప్పటికింకా అమెరికా కాదు. ఇంగ్లాండు నుంచి వెళ్ళినవాళ్ళు కట్టుకున్న వలస ఊళ్ళు. 1647 మే 26న హార్ట్‌ఫర్డ్‌లో ఆల్స్ యంగ్ అనే ఆమెను మంత్రగత్తె అని ఉరి తీశారు. ఆ వలసల్లో ఈ నేరానికి ఉరికంబమెక్కిన మొదటి మనిషి ఆమె. విండ్సర్ అనే ఊరి నివాసి. అదే ఊళ్ళో మరికొన్నేళ్ళకి లిడియా గిల్బర్ట్ అనే ఆమె మీదా నేరం మోపారు. ఆవిడ కథ వింటే మన పల్లెటూళ్ళ కథలాగే వుంటుంది. 1651లో ఊరి పటాలం కవాతు చేస్తుండగా ఒక కుర్రవాడి చేతిలోని తుపాకీ పొరపాటున పేలి, పక్కనున్నతను చనిపోయాడు. కోర్టు విచారించింది. ప్రమాదవశాత్తు జరిగిందని తేల్చి, కుర్రవాడికి ఇరవై పౌన్లు జరిమానా వేసింది. అక్కడితో అయిపోవలసిన మాట. మూడేళ్ళు గడిచాక, ఆ తుపాకీ దానంతట అది పేలలేదు, లిడియా గిల్బర్ట్ పేల్చింది అన్నారు! ఆవిడ ఆ దరిదాపుల్లో లేకపోయినా సరే. చనిపోయినతను ఆవిడ ఇంట్లో అద్దెకుండేవాడు, అంతే సంబంధం. తుపాకీ పట్టినవాడికి జరిమానా, పట్టనామెకు మరణశిక్ష!

2017లో విండ్సర్ ఊరివాళ్ళు ఈ ఇద్దరి పేర్లూ చెక్కిన ఇటుకలను ఊరి మధ్య మైదానంలో పరిచారు. 2023 మేలో కనెక్టికట్ శాసనసభ ఆ వలసలో శిక్షపడిన పన్నెండుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. వారిలో పదకొండుగురు ఉరి తీయబడినవారు. పై సభ వోటు వేసిన రోజు మే 25. తెల్లవారితే ఆల్స్ యంగ్‌ను ఉరి తీసి సరిగ్గా 376 ఏళ్ళు.

సేలం మాట చాలామంది వినే వుంటారు. అది మసాచుసెట్స్‌లోని రేవు పట్నం. 1692లో అక్కడ నూటయాభై మందికి పైగా మంత్రగాళ్ళని నేరారోపణ పొందారు. పందొమ్మిదిమందిని ఉరి తీశారు, వొక ముసలాయనను రాళ్ళ బరువు కింద అణచి చంపారు, జైల్లో చనిపోయినవాళ్ళు వేరు. ఇదంతా ఎక్కడ మొదలైందంటే ఒక మతగురువు ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లకీ, పదకొండేళ్ళ పిల్లకీ వచ్చిన ఏదో జబ్బుతో. వైద్యుడికి రోగం అంతుబట్టలేదు. పెద్దలు "ఎవరు? ఎవరు చేశారు?" అని అడగటం మొదలుపెట్టారు. పిల్లలు పేర్లు చెప్పారు. మొదట చెప్పిన మూడు పేర్లూ ఎవరివనుకున్నారు? ఒకామె బానిస, మరొకామె ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే పేదరాలు, మూడవ ఆమె మంచాన పడి చర్చికి కూడా వెళ్ళని ముసలమ్మ. సాక్ష్యం ఏమిటయ్యా అంటే, "ఆమె ఆకారం మా కళ్ళకి కనిపించి మమ్మల్ని గిచ్చింది" అని పిల్లలు చెప్పటం. అది ఇతరులకు కనిపించదు గనుక కాదని నిరూపించే దారీ లేదు.

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. మా కాలేజీ మేడ మీద నుంచి చూస్తే గోల్కొండ కోట బురుజు కనిపిస్తుంది. ఆ కోట 1687లో ఔరంగజేబు వశమైంది. సరిగ్గా ఆ ఏడే మద్రాసు కోటలో ఎలిహు యేల్ అనే బోస్టన్‌లో పుట్టిన దొర కంపెనీ అధికారిగా గద్దె ఎక్కాడు. అతని పదవి ఊడింది 1692లో, అంటే సేలంలో ఉరికంబాలు నిలబెట్టిన ఏడే. చాలా కాలం తరువాత, 1718లో, బోస్టన్ మతగురువు కాటన్ మాథర్ అతనికి ఉత్తరం రాసి కనెక్టికట్‌లోని వొక బీద కాలేజీకి సహాయం చేయమని అడిగాడు. యేల్ పంపిన బట్టల బేళ్ళు అమ్మితే ఐదువందల అరవై పౌన్లు దాటి వచ్చింది; కాలేజీకి అతని పేరు పెట్టారు. మన కుర్రవాళ్ళు వీసాలు చేతపట్టుకుని కలలుగనే యేల్ విశ్వవిద్యాలయం అదే. అడిగిన మాథర్ ఎవరంటారా? సేలం విచారణలను సమర్థిస్తూ 1693లో పుస్తకం అచ్చు వేయించిన పెద్దమనిషే! ప్రపంచం చిన్నది సుమండీ.

సరే, అసలు విషయానికి వస్తాను. మన దేశంలో తెల్లవాళ్ళ కోర్టులు మంత్రగత్తెలను విచారించాయా? లేదు. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. ఇంగ్లాండులో 1735 నాటి చట్టంతో మంత్రవిద్య అనే నేరమే రద్దయింది; మంత్రాలు వచ్చని డబ్బు గుంజేవాడు మోసగాడు అన్నారంతే. కాబట్టి కంపెనీ కోర్టుల్లో బోనెక్కింది మంత్రగత్తె కాదు, ఆమెను చంపినవాడు. ఊరి జనానికి ఇది ఏమాత్రం రుచించలేదు. మనల్ని పీడించే దాన్ని వదిలేసి, పీడ వదిలించినవాణ్ణి సర్కారు ఉరి తీస్తున్నదేమిటని వాళ్ళ గోడు. ఛోటా నాగపూర్‌లోని సింగ్‌భూమ్ ప్రాంతంలో 1857 తిరుగుబాటు వచ్చి కంపెనీ పట్టు సడలగానే మంత్రగత్తెలని పేరుపడినవాళ్ళను వెదికి వెదికి చంపారు. చట్టం భయంతో ఇరవై ఏళ్ళు కడుపులో పెట్టుకున్న కసి అది. భయం పోయింది, నమ్మకం అలాగే వుంది.

తెలుగు చదువుకున్నదాన్ని గనుక మాటల దగ్గర కాస్సేపు ఆగటం నాకు అలవాటు. కోస్తాలో చేతబడి అంటారు, గోదావరి వైపు చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి. ఇది భానుమతి పేరు నుంచి వచ్చిందంటారు; ఉత్తరాది కథల్లో ఇంద్రజాలానికి పెట్టింది పేరు ఆమె. గారడీ చేసి మెప్పించిన ఆడదాని పేరు కాస్తా మనిషిని చంపే విద్యకు పేరైపోయింది. ఇంకొక మాట చూడండి: చెడిపె. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి జిల్లా గెజిటీరు రాసిన దొరలు, వారి వెనుక థర్‌స్టన్, ఈ చెడిపె గురించి రాశారు. రాత్రిపూట పులినెక్కి తిరుగుతుందట, నిద్రపోయే మగవాడి కాలి బొటనవేలి నుంచి రక్తం పీలుస్తుందట. తెలుగు తెలిసినవాళ్ళకి ఆ మాటకి అసలు అర్థం వేరే చెప్పనవసరం లేదు. మగదిక్కు లేని ఆడదాన్ని తిట్టే తిట్టే దయ్యం పేరైంది. ఇక కాన్పులు చేసే తల్లిని మనవాళ్ళు ఏమంటారు? మంత్రసాని! బిడ్డ బతికితే సాని, పోతే మంత్రం.

ఈ చివరి మాట నేను ఊరికే రాయలేదు.

మాది పాత మెదక్ జిల్లాలో చిన్న పల్లె. పేరు చెప్పను. మా నాన్నగారు అక్కడ బడిపంతులు. 1985 ప్రాంతం, నాకప్పుడు ఆరేళ్ళు. బడికీ మా ఇంటికీ మధ్య ఒక ముసలమ్మ గుడిసె వుండేది. భర్త పోయాడు, కూతుర్ని బయటి ఊరికిచ్చింది. ఊళ్ళో సగం మంది పిల్లలకు బొడ్డు కోసింది ఆమే. నాకూ ఆమే కోసింది. ఆమె పెరట్లో జామచెట్టు. బడి నుంచి వస్తుంటే పిలిచి ఒక కాయ పెట్టేది. వట్టి చేత్తో పంపేది కాదు.

ఒక సాయంత్రం నాకు జ్వరం వచ్చింది. రెండు రోజులైనా తగ్గలేదు, మూడో రాత్రి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నానట. అదే వారంలో పక్కింటి బర్రె పాలలో నెత్తురు కనిపించింది. ఆ రోజుల్లో మా జిల్లా పల్లెలన్నిటా బాణామతి గాలి వీస్తున్నది. ఎక్కడో ఇంటి మీద రాళ్ళు పడ్డాయనీ, ఎక్కడో దండెం మీది చీర దానంతట అదే అంటుకుందనీ, ఆడవాళ్ళు పదిమందేసి ఒకేసారి ఊగిపోతున్నారనీ రోజుకొక కబురు. మా మంచం చుట్టూ ఆడవాళ్ళు చేరారు. "ఎవలన్న తినవెట్టిన్రా బిడ్డా?" అని అడిగారు. ముసలమ్మ జామకాయ ఇచ్చిందన్నాను. నిజమే గదా! "నిన్ను గుర్రుగ జూసిందా?" అని అడిగారు. చూసిందన్నాను. "పెదవులు గదిలిచ్చిందా?" కదిలించిందన్నాను. ఈ రెండూ నాకు తెలియవు. అడిగినవాళ్ళ ముఖాలు చూస్తే అవుననటమే వాళ్ళకు కావలసిందని ఆరేళ్ళ పిల్లకి కూడా తెలుస్తుంది.

తెలంగాణ పల్లెల్లో ఈ నేరానికి ఒక ప్రత్యేకమైన శిక్ష వుండేది. మంత్రం పలకాలంటే పళ్ళుండాలి. పళ్ళు లేకపోతే అక్షరం తప్పిపోతుంది, మంత్రం పారదు. అందుకని పళ్ళు ఊడగొట్టేవాళ్ళు. ఆ రాత్రి మా అమ్మ కిటికీ తలుపు మూసేసి నా చెవుల మీద దుప్పటి కప్పింది. పొద్దున్నే నాన్నగారు నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, పంచాయతీ అరుగు మీద ఆమె కొంగు నోటికి అదిమి పట్టుకుని కూర్చుని వున్నది. కొంగు ఎర్రగా వుంది. నన్ను చూసింది. చూసి, ఎప్పటిలాగే చేయి ఊపింది. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, మందులిచ్చాడు, మూడు వారాలకు లేచి తిరిగాను. మేము తిరిగి వచ్చేసరికి గుడిసెకి తాళం. కూతురి ఊరికి వెళ్ళిపోయిందన్నారు. నాన్నగారు చదువుకున్నవారు, బాణామతి లేదని తెలిసినవారు, పోలీసు స్టేషనుకి మాత్రం వెళ్ళలేదు. ఊళ్ళో ఉద్యోగం చేసుకోవాలి గదా అన్నారట అమ్మతో.

ఆ కాలంలోనే విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు మా జిల్లా పల్లెల్లో తిరిగి, ఇవన్నీ మూర్ఛలూ రక్తహీనతా భయమూ తప్ప మరేమీ కాదని చెప్పారు. ఆ తరువాత జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు అగ్గిపుల్ల లేకుండా మంట ఎలా పుడుతుందో, నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎలా కారుతుందో జనం ముందు చేసి చూపించారు. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ చుక్కలు వేస్తే కాసేపటికి భగ్గున మండుతుంది. చాకుకు ముందే మందారరసం పట్టిస్తే నిమ్మకాయ ఎర్రబారుతుంది. పిల్లలకి ఇవి వినోదం. అయితే నా అనుభవంలో, మంట గుట్టు తెలిసినంత మాత్రాన మనిషి మీది అనుమానం పోదు. ఎందుకంటే ఆ అనుమానం రసాయనాల్లో పుట్టింది కాదు. ఊళ్ళో చావు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు చేసి వుండాలన్న పట్టుదల, వెనకాల ఏ పొలం గట్టు తగాదానో, తీర్చని అప్పో. వేలు చూపించటానికి సోది చెప్పేవాడొకడు ఎప్పుడూ సిద్ధం. పైగా మన దగ్గర ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ దీనికి బలి అవుతున్నారు.

పాతకాలపు కథ అనుకుంటున్నారేమో, వినండి. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో జబ్బుతో పోయిన ఒకామె చితి మండుతుండగా, ఆమె చావుకి కారకుడని అనుమానించి ఒక యువకుణ్ణి చంపి అదే చితి మీద వేశారు. అద్రాస్‌పల్లి మారుమూల అడవి కాదు. మన మహానగరం అంచున వున్న పల్లె. 2020 నవంబరులో జగిత్యాల జిల్లా బల్వంతాపూర్‌లో భార్య తరఫు బంధువులే ఒకతన్ని తగలబెట్టారు. బావమరిది చావు ఇతని చేతబడి వల్లనే అని వాళ్ళ నమ్మకం. అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు! 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలోనే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కులసమావేశంలో పొడిచి చంపారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో ఒకామె మీద పెట్రోలు పోసి నిప్పంటించారు. దేశం మొత్తం మీద 2000 నుంచి 2016 వరకు ఈ అనుమానంతో జరిగిన హత్యలు రెండున్నర వేలని నేర గణాంకాలు చెప్తున్నాయి.

బీహారు 1999లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో దీనికోసం ప్రత్యేక చట్టాలు చేశాయి. మహారాష్ట్ర చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు; ఆ తరువాత కొద్ది రోజులకే ఆ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కాట్రియాల ఘటన నాటికి కూడా తెలంగాణలో ప్రత్యేక చట్టమంటూ లేదు. చంపితే హత్యానేరం, చంపకుండా ఊరి నుంచి వెళ్ళగొడితే కేసు నిలవటం కష్టం.

మళ్ళీ సేలంకి వస్తాను. అక్కడ నేరం మోపిన పిల్లల్లో ఆన్ పుట్నం అనే పన్నెండేళ్ళ పిల్ల వుంది. చాలామందిని బోనెక్కించిన నోరు అది. 1706లో, ఇరవయ్యారేళ్ళ వయస్సులో, ఆమె చర్చిలో ఊరందరి ముందు నిలబడింది. తన తప్పు ఒప్పుకుంటూ రాసినది మతగురువు చదువుతుంటే తల వంచుకుని విన్నది. ఎదుట కూర్చున్నవాళ్ళలో తను చంపించినవాళ్ళ బంధువులు వున్నారు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వారం తరువాత మళ్ళీ ఆ క్లాసుకి వెళ్ళి జామకాయ కథ చెప్పాను. నలభయ్యేళ్ళలో మా ఇంటివాళ్ళు తప్ప ఇతరులు వినటం అదే మొదటిసారి. నవ్వలేదెవరూ. ప్రశ్న అడిగిన అబ్బాయి, "ఆమె పేరేమిటి మేడమ్?" అన్నాడు. క్లాసులో చెప్పాను. ఇక్కడ అచ్చు వేయటం లేదు. ఆమె మనవలు ఇంకా ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే బతుకుతున్నారు. పత్రికలో పేరు కనపడితే, "ఓహో, ఆ బాణామతి ముసల్దాని మనవలా" అనేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. విండ్సర్‌లో పేరు ఇటుక మీద చెక్కారు. ఇక్కడ పేరు దాచిపెట్టటమే ఆమెకు నేను చేయగలిగిన మర్యాద. ఈ తేడా ఎన్నాళ్ళకు పోతుందో.

సేలంలో శిక్షపడి, ఉరి తప్పించుకుని బతికిన ఎలిజబెత్ జాన్సన్ అనే అమ్మాయి పేరు నిర్దోషుల జాబితాల్లో ఎప్పుడూ చేరలేదట. నార్త్ ఆండోవర్ అనే ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ళ పంతులమ్మ కలిసి పాత కాగితాలు తిరగేసి ఈ లోటు కనిపెట్టి, శాసనసభ వెంటపడి, 2022లో ఆమె పేరు కూడా చేర్పించారు. మా పిల్లలకి ఈ కథ మహా నచ్చింది. మన జిల్లా కోర్టుల్లో పాత తీర్పులు చూడనిస్తారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. కనుక్కుంటానన్నాను.

మా ఇంట్లో పని చేసే ఆమెది నారాయణఖేడ్ వైపు. పన్నెండేళ్ళ కిందట ఊరు విడిచి వచ్చారు. ఖాజాగూడలో గది అద్దెకు తీసుకుని వుంటారు. ఎందుకు వచ్చారంటే పనుల కోసమని ఇన్నాళ్ళూ చెప్పేది. ఆ ఆదివారం నేను పిల్లల కోసం రాసుకున్న కాగితాలు సర్దుతూ సేలం కథ చెప్తుంటే, గిన్నెలు తోముతున్న చెయ్యి ఆపి వింది. వాళ్ళ అత్తమీద ఊరివాళ్ళు అదే మాట మోపారట. పాలివాళ్ళ ఎద్దు చచ్చిపోతే.

"అమ్మా, ఆళ్ళ పిల్లలను ఊర్లె ఉండనిచ్చిన్రా?" అని అడిగింది.

సేలంలో ఉరి తీసిన ఆ అడుక్కునే పేదరాలికి డొరొతీ అని నాలుగేళ్ళ కూతురుండేది. ఆ పసిదాన్ని కూడా మంత్రగత్తె అని పట్టుకుని, సంకెళ్ళు వేసి నెలల తరబడి జైల్లో పెట్టారు. బయటికి వచ్చింది గాని మతి కుదురు లేకుండా పోయింది. తనను తాను చూసుకునే శక్తి ఆమెకు రాలేదని తండ్రి అర్జీ పెట్టుకున్నాడు. సర్కారు అతనికి ముప్పై పౌన్లు ఇచ్చింది. ఇదంతా చెప్పాను.

"ముప్పై అంటే మన పైసలల్ల ఎంత?"

అప్పటి లెక్క ఇప్పుడు కట్టటం కష్టమన్నాను.

"మా అత్తకు దవాఖాన కర్సు మేమే వెట్టుకున్నం," అని గిన్నెలు బోర్లించి, చెయ్యి తుడుచుకుని, పై అంతస్తులో పనికి వెళ్ళింది.